వసంతి మార్చిన నంబర్లు

సోమవారం పొద్దున రైలు సాత్తూరు దాటుతుండగా వసంతికి ఆ నోటీసు కనబడింది. కోవిల్‌పట్టిలో ఎక్కింది మొదలు విరుదునగర్‌లో దిగేదాకా ఆమెకు రోజూ ఒకటే పని. ఫోన్‌లో తెలుగు విజ్ఞాన సర్వస్వం తెరిచి, తాను రాసిన వ్యాసాల మీద ఎవరైనా చెయ్యి వేశారా అని చూసుకుంటుంది. ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే విజ్ఞాన సర్వస్వం అది. కాబట్టి కాపలా తప్పదు. ఆ రోజు ఎవరూ చెయ్యి వేయలేదు, ఏకంగా గొడ్డలే ఎత్తారు. “తొలగింపు ప్రతిపాదన. వాడుకరి వసంతి రాసిన ముప్పై ఏడు సాంకేతిక వ్యాసాలు. మూలాలు నమ్మదగినవి కావు. చర్చకు గడువు ఏడు రోజులు.”

ముప్పై ఏడు పోతే ఇంకేం మిగిలింది? పదకొండేళ్లలో ఆమె రాసినవి మొత్తం అవే. విరుదునగర్ వచ్చినా సీట్లోంచి లేవలేదు. పక్కనున్న పూలమ్మే ఆవిడ భుజం తట్టి చెప్పబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ రోజు నేరుగా మదురై పోయి ఉండేది.

ఇప్పుడు తలుచుకుంటే వసంతే నవ్వుతుంది. ఆ వారం మాత్రం ఆమెకు అన్నం సయించలేదు, మాట సయించలేదు.

వసంతి విరుదునగర్‌లో ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంటు. నలభై ఒకటో ఏడు. తల్లి సుబ్బమ్మాళ్‌తో కలిసి కోవిల్‌పట్టిలో ఉంటుంది. పెళ్లి సంగతి అడిగే బంధువులు అడిగి అడిగి అలిసిపోయి, ఇప్పుడు కంప్యూటర్ పాడైతే మాత్రమే ఫోన్ చేస్తున్నారు. వాళ్లది కోవిల్‌పట్టి అవతల నాగలాపురం పక్క మెట్ట సేద్యం చేసుకున్న తెలుగు కుటుంబం. వానలు మొహం చాటేశాక సుబ్బమ్మాళ్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చేరింది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, బడిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లిష్. తెలుగు అక్షరం అనేది ఒకటుందని విన్నారే గానీ ఇంట్లో ఎవరూ రాసి ఎరగరు.

ఇరవై ఎనిమిదో ఏట ల్యాబ్‌లో ఊరికే కూర్చున్న ఒక మధ్యాహ్నం, ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు అక్షరాలు వచ్చే పేజీ ఒకటి వసంతికి దొరికింది. అమ్మ అని కొట్టింది. తెర మీద గుండ్రంగా రెండు అక్షరాలు వచ్చాయి. ఇంట్లో పుట్టిన దగ్గర్నుంచి పిలుస్తున్న మాటకు ఇదా రూపం అని ఆమె చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. అక్షరాల పట్టిక ఒకటి ప్రింటు తీసి, వైర్లు పెట్టే బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకుంది. బీరువా తెరిచినప్పుడల్లా రెండేసి అక్షరాలు. ఏడాది తిరిగేసరికి పత్రిక చదివేది. ఆ పై ఏడు విజ్ఞాన సర్వస్వంలో ఈ-మెయిల్ గురించి వెతికితే రెండే వాక్యాలున్నాయి, అందులో ఒకటి తప్పు. దాన్ని దిద్దడానికి కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు.

ఆ తొలిరోజుల్లో ఆమెను వేపుకు తిన్నది సన్యాసిరావు. విజయనగరంలో ఉంటాడు. టెలిఫోన్ల శాఖలో ఇంజనీరుగా రిటైరైన మనిషి, ఆ విజ్ఞాన సర్వస్వానికి నిర్వాహకుల్లో ఒకడు. ఎవరు ఏ వాక్యం రాసినా కింద ఆయన ప్రశ్న ఒకటే: “మూలం ఏదీ?” మూలం చూపించని వాక్యం ఆయన దగ్గర పూట కూడా నిలవదు. ఇంటర్నెట్ సంగతులకు మూలం కావాలంటే ఆర్‌ఎఫ్‌సీలు చూపించమని వసంతికి నేర్పింది ఆయనే. ఉత్తరం ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు ఎలా పోవాలి, చిరునామా ఎలా ఉండాలి అని నియమాలు రాసిన పత్రాలవి. ఒక్కోదానికి ఒక్కో నంబరు. 1969లో ఒకటో నంబరుతో మొదలై ఇప్పటికి తొమ్మిది వేలు దాటాయి. నంబరు రాయాలి, తేదీ రాయాలి, పత్రంలో ఎన్నో విభాగంలో ఆ మాట ఉందో అదీ రాయాలి. వసంతి ఆ పద్ధతి ఒంటబట్టించుకుని, ఈ-మెయిల్ గురించి ఒకటి, డొమైన్ పేర్ల గురించి ఒకటి అంటూ వ్యాసాలు రాసుకుంటూ పోయింది. చివరికి సన్యాసిరావు ప్రశ్నలు అడగడం మానేశాడు. ఆయన మానేయడమంటే పతకం ఇచ్చినట్టే లెక్క.

ఇన్నేళ్లలో వాళ్లెవరితోనూ ఆమె నోరు విప్పి మాట్లాడలేదు. నెలకోసారి అందరూ కంప్యూటర్లో గొంతులు కలుపుకునే సమావేశం ఉంటుంది. నెట్‌వర్క్ బాగాలేదనీ, కరెంటు లేదనీ ప్రతిసారీ తప్పించుకునేది. ఆమె తెలుగు రాస్తే పుస్తకం, మాట్లాడితే నాగలాపురం. ఆ రెండోది వింటే అటువైపు వాళ్లు నవ్వుతారని భయం.

ఇక అసలు కథ. రెండు నెలల కిందట ఒక పత్రం కోసం వెతుకుతుంటే, దాని పై భాగాన ఒక మాట ఆమె కంటబడింది. ఈ పత్రం కాలం చెల్లింది, దీని స్థానంలో ఫలానా నంబరు వచ్చింది అని. ఈ-మెయిల్ పంపే పద్ధతిని చెప్పిన 821 స్థానంలో 2821, దాని స్థానంలో 5321. ఇలాంటివి ఇంకెన్నో. తాను మూలాలుగా చూపించినవాటిలో సగానికి పైగా పాతబడిన నంబర్లే అని తెలిసేసరికి వసంతికి ఒళ్లు జలదరించింది.

ఆ జలదరింపు ఆమె సొంతం కాదు, ఫ్యాక్టరీది. చిన్నప్పుడు బడి వదలగానే తల్లి పనిచేసే లేబుళ్ల గదికి పోయి కూర్చునేది. అగ్గిపెట్టెల మీద కొత్త లేబుల్ వచ్చిన రోజున ఆ గదిలో ఊపిరి పీల్చే తీరిక ఉండదు. పాత లేబుల్ ఒక్కటి, ఒకే ఒక్కటి, కట్టలో మిగిలిపోయిందా, సరుకు మొత్తం వెనక్కి వస్తుంది. అందుకని ప్రతి కట్టా విప్పి, పాతవన్నీ ఏరి, వెనక పెరట్లో కాల్చేసేవాళ్లు. “ఒకటి కూడా ఉండగూడదు పాపా” అని సుబ్బమ్మాళ్ ఆ రోజుల్లో నిద్రలో కూడా అనేది. వసంతి తన పద్ధతిలో తానూ అదే చేసింది. వ్యాసాల కట్టలు విప్పింది. పాత నంబరు కనిపించిన చోటల్లా తీసేసి కొత్త నంబరు అంటించింది. నలభై రోజులు, ముప్పై ఏడు వ్యాసాలు, మూడు వందల పన్నెండు మూలాలు. చివరిది మార్చిన రోజు తల్లికి ఇష్టమని కడలైమిఠాయి, అదే వేరుశనగ పట్టీ కూడా కొనుక్కుపోయింది.

అగ్గిపెట్టెకు లేబుల్ మారితే లోపలి పుల్లలు మారవు. ఆర్‌ఎఫ్‌సీలో నంబరు మారిందంటే లోపలిదంతా మారినట్టే. అంత చదువుకున్న మనిషికి ఆ ముక్క తట్టలేదు.

బాపట్ల నుంచి రాసే లెక్చరరు ఒకాయనకు తట్టింది. తొలినాళ్లలో ఈ-మెయిల్‌ను నేరుగా అవతలి మనిషి తెర మీద పడేలా పంపే ఏర్పాటు కూడా ఉండేదని వసంతి వ్యాసంలో ఉంది. నిజమే, 821లో 3.4 విభాగంలో ఉంది. ఆమె 821 తీసి 5321 పెట్టింది, 3.4 మాత్రం అలాగే వదిలేసింది. ఆయన 5321 తెరిచి 3.4 చూస్తే అక్కడ చిరునామా మారినవాళ్ల ఉత్తరాలు మళ్లించే సంగతి ఉంది. పైగా వ్యాసం 1982 అంటుంటే పత్రం 2008 అంటోంది. ఆయన ఇంకో ఎనిమిది చూశాడు, ఎనిమిదీ అంతే. తొమ్మిదింటికి తొమ్మిది తప్పయ్యాక పదోది చూడకుండానే గొడ్డలి ఎత్తాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. కింద సన్యాసిరావు ఒక్క వాక్యం రాశాడు: “ఆదివారం ఉదయం పదింటి సమావేశానికి వసంతి గారు వచ్చి వివరణ ఇవ్వాలి.”

సోమవారం సాయంత్రం ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్న కూతుర్ని సుబ్బమ్మాళ్ కాసేపు గమనించింది.

“ఏంటికి పాపా, మొగం అట్ల పెట్టుకోనుండావు?”

“రాసినదాంట్లో తప్పు జరిగిపోయిందిమ్మా. అన్నిట్నీ తీసేస్తామంటా ఉండారు.”

“తప్పంటే దిద్దేది. దానికి కూడు మానేస్తారా?”

“మూడు వందల పన్నెండు తప్పులమ్మా.”

సుబ్బమ్మాళ్ లేచింది. లోపలికి పోయి కంచంలో పెట్టుకుని వచ్చి ముందు పెట్టింది.

మంగళవారం నుంచి వసంతి పని మొదలుపెట్టింది. ఒక్క మీట నొక్కి అన్నీ వెనక్కి తిప్పేయడం కుదరలేదు. ఈ రెండు నెలల్లో ఆ వ్యాసాల మీద వేరేవాళ్లు చేసిన మంచి దిద్దుబాట్లు కూడా దానితోపాటు కొట్టుకుపోతాయి. అందుకని ఒక్కొక్కటే పాత పత్రం తెరిచి, కొత్త పత్రం తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. అప్పుడు ఆమెకు తెలిసిన సంగతి ఏమిటంటే, కాలం చెల్లిందన్న పత్రం ఎక్కడికీ పోదు. ఒకసారి అచ్చయిన ఆర్‌ఎఫ్‌సీలో అక్షరం మార్చరు. తప్పు దొరికితే ఆ తప్పుల జాబితా వేరే చోట పెడతారు. 1969 నాటి ఒకటో నంబరు ఇవాళ తెరిచినా అలాగే ఉంది. ఎవరూ పెరట్లో కాల్చలేదు. ఆ మాట తెలిసిన క్షణాన ల్యాబ్‌లో ఒంటరిగా కూర్చుని వసంతి గట్టిగా ఊపిరి వదిలింది. తాను పారేశాననుకున్నవన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. కొన్ని వాక్యాలకు పాతదే కావాలి, కొన్నింటికి కొత్తదే సరి, కాకపోతే విభాగం మార్చాలి, ఇంకొన్నింటికి రెండూ కావాలి. శనివారం సాయంత్రానికి దిద్దడం సగం కూడా కాలేదు. మొత్తం అన్నింటికీ మాత్రం ఏది ఎక్కడికి పోవాలో జాబితా రాసి పెట్టుకుంది.

ఆదివారం కోవిల్‌పట్టిలో మరమ్మతులకని పొద్దున్నుంచి కరెంటు తీసేస్తామని ప్రకటించారు. ఈసారి అది నిజంగా నిజం, కాని తప్పించుకునే దారి లేదు. ల్యాబ్ తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. హెచ్‌ఓడీ మహేంద్రన్‌కు ఫోన్ చేసి అడిగితే, వెళ్లి చేసుకోమన్నాడు. బయలుదేరుతుంటే సుబ్బమ్మాళ్ కూడా చీర మార్చుకుని వచ్చి నిలబడింది. ఫ్యాన్ తిరగని ఇంట్లో ఒక్కతీ ఏం చేయాలి అంది. ఇద్దరూ విరుదునగర్ బస్సెక్కారు.

పదింటికి సమావేశంలో తొమ్మిది మంది ఉన్నారు. వసంతి కాగితం మీద వివరణ రాసుకుని వచ్చింది, పుస్తకం తెలుగులో. “గౌరవనీయ సభ్యులకు నమస్కారం. నా ద్వారా సంభవించిన పొరపాటుకు గల నేపథ్యమేమనగా” అని చదవడం మొదలుపెట్టి, మూడో వాక్యంలో ఒక మాట తడబడి ఆగిపోయింది. అటువైపు ఎవరో దగ్గారు. వసంతి అదే వాక్యాన్ని మళ్లీ మొదలుపెట్టడం సుబ్బమ్మాళ్ వెనక కుర్చీలోంచి చూసింది.

“ఆ కాయితం పక్కన పెట్టు పాపా. మన మాటలోనే చెప్పు. ఆ లేబుల్ సంగతి చెప్పు, వాళ్లకేం తెలస్తుంది” అంది. మైకు ఆ మాటను విజయనగరం దాకా మోసింది.

వసంతి కాగితం మడిచి పెట్టింది.

“నాకు రాసేది వస్తుంది, మాట్లాడేది ఇట్లే వస్తుంది. తప్పుగా అనుకోవద్దండి. మా అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో లేబుల్ అంటించే దాంట్లో ఉండింది. ఆడ కొత్తది వచ్చిందంటే పాతది ఒకటి కూడా ఉండగూడదు. నేను దాన్ని చూసే పెరిగినాను. ఈ పత్రాల్లో కొత్త నంబరు చూసిందే, పాతదంతా తీసేసినాను. పెట్టెలో ఉండే పుల్లలు అవే కదా అనుకున్నాను. తెరిచి చూడలేదు. తప్పు నాదే.” ఒక గుక్క నీళ్లు తాగింది. “బాపట్ల సారు తొమ్మిది పట్టినారు. నేను మార్చింది మూడు వందల పన్నెండు. అన్నిటికీ జాబితా రాసినాను. ఏది తప్పు, ఏది సరి, దేనికి రెండూ కావాల అని. ఇప్పుడే చర్చా పేజీలో పెట్టినాను.”

తొమ్మిది మందీ ఆ జాబితా తెరిచి చూస్తున్నారని ఆమెకు తెలియదు. తన మాట అర్థం కాలేదేమో, లైను తెగిపోయిందేమో అనుకుని, ఉన్నారా అండీ అని రెండుసార్లు అడిగింది.

“ఉన్నాం” అన్నాడు బాపట్ల లెక్చరరు. “నేను యాదృచ్ఛికంగా తీసి చూశాను, మొత్తం ఎన్నో నాకు తెలియదు. మీరు చెప్పకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. ఈ జాబితా చూశాక తొలగించమనడానికి నాకు నోరు రాదు. ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను. కాకపోతే దిద్దే పని వేరేవాళ్లు చేస్తే బాగుంటుందేమో చూడండి.”

అప్పుడు సన్యాసిరావు గొంతు మొదటిసారి వినబడింది. రాతలో ఉన్నంత కరుకు గొంతులో లేదు.

“ఇందులో నాదీ ఒక తప్పుంది, రాసుకోండి. ఈ మార్పులు వస్తున్నప్పుడు చూసి సరే అని గుర్తు పెట్టింది నేనే. రెండు వందల పైచిలుకు. ఊరందరినీ మూలం ఏదీ మూలం ఏదీ అని చంపుకు తింటాను, నంబరు కొత్తగా మెరిసేసరికి నేనూ తెరవలేదు. మరి నన్నేటి చేస్తారు?”

ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. వసంతి కూడా నవ్వింది. ఆ నవ్వులో తన మాట తీరు మీద నవ్వు ఎక్కడా లేదని ఆమె చెవులు రిక్కించి మరీ చూసుకుంది. లేదు. అక్కర్లేని భయాన్ని పదకొండేళ్లుగా ఇంత పెంచి పోషించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపం కూడా హాయిగానే ఉంది.

“వసంతమ్మా” అన్నాడు సన్యాసిరావు, “వెనక కూర్చున్నది మీ అమ్మగారేనా?”

“అవునండి.”

“ఆవిడ సలహా ఇవ్వకపోతే మీరు ఆ కాగితమే చదువుదురు, మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నా నమస్కారం చెప్పండి.”

సమావేశం ముగిశాక అరగంటకు చర్చా పేజీలో సభ్యులందరూ కలిసి తేల్చిన ఫలితం పడింది. వసంతి లేచి నిలబడి చదివింది. చదివి, మళ్లీ మొదటి నుంచి చదివి, తల్లి వైపు తిరిగి ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పింది.

“ఒకటి కూడా తీసేయలేదమ్మా. అన్నిట్నీ ఉంచేసినారు. దిద్దే పని నన్నే చేయమన్నారు. వేరే ఎవరూ వద్దు, వసంతే చేయాల అని రాసినారు.”

ఆమె మళ్లీ కుర్చీలో కూర్చుంది. కళ్ల నీళ్లు వాటంతటవే కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. ముప్పై ఏడూ ఉన్నాయి. రేపు పొద్దున రైలెక్కి ఫోన్ తెరిస్తే ముప్పై ఏడూ కనబడతాయి.

సుబ్బమ్మాళ్ తన కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“తప్పు చేసినదాన్నే మళ్లీ చేయమన్నారా?”

“ఔనమ్మా.”

“నిజంగానా?”

“ఏంటికమ్మా అట్ల అడగతావు?”

సుబ్బమ్మాళ్ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కాసేపు తెర వైపు చూసింది. ఆ అక్షరాలు చదవడం ఆమెకు రాదు.

“నువ్వు ఆరో క్లాసులో ఉండేటప్పుడు నా కట్టలో ఒక పాత లేబుల్ ఉండిపోయింది. సరుకంతా తిరిగి వచ్చేసింది. మరుసటి దినమే నన్ను లేబుల్ దాంట్లోంచి తీసేసి, చట్రాల్లో పుల్లలు పేర్చే దాంట్లో వేసినారు. తొమ్మిదేండ్లు లేబుళ్లలో చేసినాను, ఒక్కటే తప్పు. మళ్లీ ఒక్కసారి ఇచ్చి చూడండి అని అడిగినాను. ఇయ్యలేదు. మిగతా ఇరవై ఏండ్లూ పుల్లలే పేర్చినాను. ఎందుకు మార్చినారో నీకు చెప్పలేదు.”

వసంతి ముందుకు వంగింది. తల్లి చేతిని దగ్గరికి తీసుకుని పట్టుకుంది. పుల్లలు పేర్చి పేర్చి చూపుడు వేలి కొన గట్టిపడిపోయి ఉంది.

“మంచోళ్లు పాపా వీళ్లు” అంది సుబ్బమ్మాళ్. “లెయ్. మొగం కడుక్కోని పని చూడు. నేనీడే కూర్చోనుంటాను.”

వసంతి మొహం కడుక్కుని వచ్చి, జాబితాలో తర్వాతి పత్రం తెరిచింది.